హెల్మెట్ గ్లాసు

ఆఫీసులో ఉద్యోగం లేదని చెప్పి ఐడీ కార్డు తీసేసుకున్నారు. కోకాపేటలో వాన అప్పుడే వెలిసింది. బైక్ ట్యాక్సీ ఎక్కాను. ఏడుపూ గిడుపూ ఏమీ లేదనుకున్నాను. చెయ్యి మాత్రం కార్డు కోసం ఊరికే మెడ దగ్గరికి పోతోంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, బండి నడిపే అతను సైడు అద్దంలోంచి నన్ను చూశాడు.

"అక్కా, హెల్మెట్ గ్లాసు దించుకో జర. దుమ్ము మస్తు లేస్తుంది."

దించుకున్నాను. పక్క బండి మీద నుంచి నన్నే చూస్తున్న ఆవిడ తల తిప్పుకుంది. అతను తన అద్దాన్ని కూడా పక్కకి తిప్పేశాడు.

నిజాంపేటలో దిగి హెల్మెట్ తీస్తే గ్లాసు లోపలంతా ఆవిరి. నా బుగ్గలు తడిగా ఉన్నాయి. అతను హెల్మెట్ తీసుకుని, చొక్కా అంచుతో గ్లాసు తుడిచి, "పోయొస్త అక్కా" అని వెళ్లిపోయాడు.

వాన వెలిసిన రోడ్డు మీద దుమ్మెక్కడిదని, ఇంటి తాళం తీస్తుంటే గానీ నాకు తట్టలేదు.