ఐస్‌పెట్టెలో స్పాంజ్ ముక్కలు

కాలుష్య నియంత్రణ మండలిలో నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, నన్ను మేడ్చల్ వైపు చెరువులు, నాలాల పరీక్షకు సీనియర్ శాస్త్రవేత్తగా వేశారు. సోఫాలు, కారు సీట్లు తొందరగా అంటుకోకుండా వాటి స్పాంజ్‌లో ఒక రసాయనం కలుపుతారు. అది నీళ్లలోకి దిగుతుంది, మరిగించినా పోదు. సూరారం దగ్గర నాలాలో అది ఉందని ఫిర్యాదు వచ్చింది. ఆ నాలా ఒడ్డునే ఖాజా మియా పాత సీట్ల స్పాంజ్ ఉతికి, ఆరబెట్టి, పరుపులు కుట్టేవాళ్లకు అమ్ముతాడు. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. దుకాణం మూయించే ఉత్తర్వు సిద్ధం, మా రిపోర్టు ఒక్కటే తరువాయి.

నమూనాలు తీయడానికి వెళ్లినప్పుడు శుద్ధమైన నీళ్ల సీసా ఒకటి వెంట తీసుకెళ్తాం. నాలా దగ్గర దాని మూత తీసి, మళ్లీ బిగించి, మిగతా వాటితో కలిపి ఐస్‌పెట్టెలో పెట్టి తెస్తాం. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో ఏమన్నా బయటపడితే ఆ మురికి నాలాది కాదు, మనది.

నాలా సీసాల్లో రసాయనం దండిగా వచ్చింది. బ్లాంక్‌లోనూ వచ్చింది. కొంచెమే కదా, అది తీసేసి లెక్క వేయండి అన్నారు మా పై అధికారి. నాకు ఒళ్లు మండింది. ఒక కుటుంబం వీధిన పడే కాగితం మీద అలా సంతకం పెట్టనని చెప్పి, నేరుగా వెళ్లి ఐస్‌పెట్టె తెరిచాను. సీసాల సందుల్లో స్పాంజ్ ముక్కలు కుక్కి ఉన్నాయి. మా అటెండరు యాదగిరికి సీసాలంటే పసిపిల్లలతో సమానం.

"పగిలితే నాకే తిట్లు గద మేడం, మెత్తగుంటదని పెట్టిన," అన్నాడు.

"ఎక్కడ కొన్నావు?"

"గా ఖాజా తాననే. మస్తుగుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈసారి సీసాలను ఉతికిన నూలుగుడ్డల్లో చుట్టి, దుకాణానికి ఎగువనా దిగువనా మళ్లీ నమూనాలు తీశాం. బ్లాంక్ శుభ్రంగా వచ్చింది. నాలాలో మాత్రం రసాయనం అలాగే ఉంది, ఎగువన ఎంతో దిగువనా అంతే. అంటే అది పైనున్న బస్తీలూ కాలనీలూ అన్నీ కలిసి పంపుతున్నది. ఉత్తర్వు ఆగిపోయింది.

ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. ఖాజా కళ్లు తుడుచుకుని, చాయ్ తెప్పించి, అడిగాడు: "అయితే ఇగ నీళ్లు మంచిగున్నట్టేనా మేడం? మా మేకలు గీడనే తాగుతయ్."

తాగనివ్వొద్దని చెప్పాను. మరి ఎవరి మీద కేసు పెడతారని అడిగాడు.

బ్లాంక్ శుభ్రంగా తేలనిదే ఎవరి మీదా వేలెత్తకూడదని నా తర్వాతి వాళ్లకు నేర్పాను. అది నేర్పడం తేలికే. ఒక మనిషి నిర్దోషి అని తేల్చినంత మాత్రాన నీళ్లు బాగుపడవని నాకు నేర్పింది మాత్రం ఆ మేకలు.