మధ్యాహ్నం రెండున్నర సైరన్

నాకు దయ్యాల భయం లేదు. నర్సింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ నుంచి మెస్‌కు దగ్గర దారి మార్చురీ వెనక నుంచి ఉండేది. మిగతా అమ్మాయిలు చుట్టూ తిరిగి పోయేవారు. నేను ప్లేటు చేత్తో పట్టుకుని ఒక్కదాన్నే ఆ దారిలో పోయి వచ్చేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నమ్మను. నాకు జరిగినదానికి ఏ పేరు పెట్టాలో తెలియక మూడేళ్లుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఈ రాత్రి రాయడానికి ఒక కారణం ఉంది. అది చివర్లో చెబుతాను.

అప్పట్లో మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయనది భూగర్భ గనిలో పని. మా అత్తమ్మ మాతోనే ఉండేది. ఇంటికి కిలోమీటరున్నర దూరంలో, పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గని. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ బ్లాస్టింగ్ చేసేవారు. ముందు మూడుసార్లు సైరన్ మోగేది. కాసేపటికి భూమి అదిరేది. కిటికీ అద్దాలు గలగలమనేవి, అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలేవి. ఆ తర్వాత సన్నటి నల్ల దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడేవారు. మేము గడియారం సరిచూసుకునేవాళ్లం.

మా క్వార్టర్ల వరసలో కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. సైరన్ మోగగానే ఏ పని చేస్తున్నా ఆపి, కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకునేవారు. భూమి అదరగానే లోపల బిడ్డ ఒక్కసారి ఎగిరిపడేది. ఎగిరితే బిడ్డ బాగున్నట్టు. పక్క క్వార్టర్ లచ్చక్క రోజూ గోడ మీది నుంచి అడిగేది.

"ఏం పిల్లా, ఇయ్యాల ఎగిరిండా లోపలోడు?"

"ఎగిరిండక్కా."

"మా పెద్దోడు గూడ గట్లనే ఎగిరేటోడు. ఇప్పుడు బడికి పొమ్మంటె కదలడు."

లచ్చక్క భర్త రాజన్న బావ ఆ ఓపెన్‌కాస్ట్‌లోనే బ్లాస్టింగ్ పని చేసేవాడు. అంటే నా బిడ్డను రోజూ లేపేది ఆయనే.

పెళ్లికి ముందు నేను ఏడాదిపాటు ఏఎన్ఎం శిక్షణలో ఉన్న అమ్మాయిలకు ప్రసూతి పాఠాలు చెప్పాను. గర్భసంచి బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవనీ, మాయలో పక్కపక్కనే పారుతూ ప్రాణవాయువును అందించుకుంటాయనీ చెప్పేదాన్ని. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర. ఆ తాడు నలిగితే బిడ్డకు ఊపిరి దారి మూసుకుపోతుంది. అప్పుడు బిడ్డ కదలడం తగ్గించి, ఉన్న కొంచెం ప్రాణవాయువును మెదడుకూ గుండెకూ మిగుల్చుకుంటుంది. అందుకే ఆఖరి నెలల్లో తల్లి రోజూ భోజనం చేశాక ఎడమవైపు పడుకుని కదలికలు లెక్కపెట్టుకోవాలి. ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని కూడా చెప్పేదాన్ని.

నా దాకా వచ్చేసరికి నేను లెక్కపెట్టలేదు. బ్లాస్టింగ్‌కు బిడ్డ ఎగిరేది, ఆ రోజుకు నా పరీక్ష అయిపోయేది.

నాకు ఎనిమిదో నెల దాటాక సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ పనులు ఆపేశారు. బాయిలు, అంటే గనులు, బందయ్యాయి, బస్సులు ఆగిపోయాయి. సైరన్ లేదు, అదురు లేదు. ఆరేసిన బట్టలు తెల్లగానే ఇంట్లోకి వచ్చేవి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుళ్ల మధ్యే పెరిగిన పిల్లలు ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టక ఏడ్చేవారు. మొదటి రెండు రోజులు నేను కదలికలు లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు ఎవరో ఇంటికి వచ్చారు. నాలుగో రోజు గుర్తు రాలేదు. ఆ తర్వాత పూర్తిగా మరిచిపోయాను. ఇది ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అది ముప్పై ఏడో వారం. పుట్టబోయే బిడ్డ కోసం పాత నూలు చీరలు చింపి, ఆ ముక్కలు ఉతికి, పెరట్లో తీగ మీద ఆరేశాను. తీగను ముందే తడిబట్టతో తుడిచాను. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. అన్నం తిని వెనక గదిలో మంచం మీద పడుకున్నాను. అత్తమ్మ ముందుగదిలో బైబిలు చదువుకుంటోంది. నేను నిద్రపోలేదు. కిటికీలోంచి తీగ మీద బట్టలు కనబడుతూనే ఉన్నాయి.

సైరన్ మోగింది. ఒకటి, రెండు, మూడు.

అలవాటు ప్రకారం చెయ్యి పొట్ట మీదకు పోయింది. కాసేపటికి భూమి అదిరింది. ఎప్పుడూ ఆ అదురు గోడలో మొదలై మంచానికి వచ్చేది. ఆ రోజు నేరుగా మంచం కిందినుంచి, నా వీపు కిందినుంచి వచ్చింది. చాలాసేపు ఉంది. అల్మారాలోంచి ఒక గ్లాసు కింద పడి మంచం కిందికి దొర్లింది.

నా కడుపులో మాత్రం ఏమీ కదలలేదు.

పొట్టను చేత్తో నొక్కాను. ఎడమవైపు తిరిగాను. లేచి చల్లటి నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. ఏమీ లేదు. చివరిసారి ఎప్పుడు కదిలిందా అని గుర్తు చేసుకోబోయాను. పొద్దున్నా? నిన్న రాత్రా? గుర్తు రాలేదు.

ఒక్క విషయం చెప్పాలి. సమ్మె నడుస్తోందని, బ్లాస్టింగ్ లేదని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

ముందుగదిలోకి వెళ్లి చెప్పాను. "అత్తమ్మా, బ్లాస్టింగ్‌కు బిడ్డ ఎగరలే."

ఆమె కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది. "ఏం బ్లాస్టింగే?"

"ఇప్పుడే అయింది గదా. సైరన్ ఇనలేదా?"

ఆమె గడియారం వైపు చూసింది. రెండూ ముప్పై అయిదు. లేచి చెప్పులు వేసుకుంది. "దవాఖానకు పోదాం పా బిడ్డా. జల్ది." నాకేదో అయిందని, మతి తప్పుతోందని భయపడి బయలుదేరిందట. బిడ్డ గురించి కాదని ఆమే తర్వాత చెప్పింది.

లచ్చక్క ఆటోను పిలుచుకొచ్చింది. దారిలో సమ్మె చేసేవాళ్ల దీక్షా శిబిరం దగ్గర ఆపాం. మా ఆయన, రాజన్న బావ అక్కడే కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఆటో ఎక్కారు. నేను రాజన్న బావను అడిగాను.

"బావా, ఇయ్యాల బ్లాస్టింగ్ ఎవరు చేసిండ్రు?"

ఆయన నన్ను, మా ఆయనను మార్చి మార్చి చూశాడు. "బ్లాస్టింగా? పేలుడు మందు గోదాముకు తాళమేసి ఇన్ని దినాలాయె. నేను పొద్దటిసంది ఈడనే కూసున్న గదమ్మా."

అప్పుడు సమ్మె సంగతి గుర్తొచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "కల గన్నవు కావచ్చు" అన్నాడు.

దవాఖానలో సిస్టర్ బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రాన్ని పొట్ట మీద పెట్టింది. నిమిషానికి నూట పది నుంచి నూట అరవై మధ్య ఉండాలి. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఎనభై. తర్వాత అంతకన్నా తక్కువ. సిస్టర్ నా ముఖం చూడకుండా యంత్రాన్ని తుడవడం మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు నేనూ తల్లుల ముఖం చూసేదాన్ని కాదు. అందుకే నాకు అర్థమైంది.

వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. వెన్నులో మత్తు ఇచ్చాక నడుము కింద శరీరం నాది కాకుండా పోయింది. ఉమ్మనీరు పచ్చగా ఉందని ఎవరో అన్నారు. బిడ్డను తీశారని తెలిసింది. ఏడుపు వినబడలేదు. పైన లైటు వైపు చూస్తూ అంకెలు లెక్కపెట్టాను. నలభై ఏడు దగ్గర ఏడ్చింది. ఆడపిల్ల.

బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు చుట్టుకుందని, పైగా తాడు మధ్యలో ముడి పడి బిగుసుకుందని డాక్టరమ్మ చెప్పింది. "టైముకు ఎట్ల రాగలిగినవమ్మా?" అని అడిగింది. కదలిక తగ్గిందని చెప్పాను. "చదువుకున్నదానివి గనుక లెక్కపెట్టుకున్నవు," అని నా భుజం తట్టింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు అత్తమ్మ పెరట్లో ఆరేసిన నూలు ముక్కలు మూటగట్టి తెచ్చింది. ఒకటి విప్పి బిడ్డ కింద వేయబోయి ఆగింది.

"ఇవి ఉతికినవా, ఉతుకుత అనుకున్నవా?"

ముక్కలన్నిటి మీదా సన్నటి నల్ల దుమ్ము. అత్తమ్మ వేలితో రాసి చూసింది. "ఇన్ని దినాలసంది బాయి బందే గదా. ఏడికెళ్లొచ్చిందే గిది?" కిటికీ దగ్గరికి పోయి ఒక్కొక్కటీ దులిపింది.

వారం తర్వాత ఇంటికి వచ్చాను. గ్లాసు మంచం కిందే ఉంది. అంచు ఒకవైపు సొట్టపోయింది. లచ్చక్కను అడిగితే ఆ మధ్యాహ్నం తాను గుమ్మంలోనే కూర్చుని ఉన్నానని, ఏ సైరనూ వినలేదని, తన ఇంట్లో ఒక్క గిన్నె కూడా కదల్లేదని చెప్పింది.

నాతో చదివిన స్నేహితురాలికి కొంత చెప్పాను. రోజూ ఒకే సమయానికి వినే శబ్దాన్ని, అది లేకపోయినా, మెదడు వినగలదని ఆమె అంది. బిడ్డ కదలడం లేదని నా శరీరానికి ముందే తెలిసి ఉంటుందట. కావచ్చు. గ్లాసును పిల్లి పడేసి ఉండవచ్చు. దుమ్ముకే నాకు సమాధానం దొరకలేదు. అత్తమ్మ మాత్రం "ప్రభువు జెప్పిండు," అంటుంది. నాకూ అలా నమ్మాలనే ఉంటుంది. కానీ వీపు కింద వచ్చిన ఆ అదురు తలుచుకుంటే నాకు దయ గుర్తుకు రాదు. వణుకు వస్తుంది.

బిడ్డకు ఏడాది నిండకముందే మా ఆయనకు బదిలీ అయి నస్పూర్ వచ్చేశాం. ఈ క్వార్టర్‌కు బ్లాస్టింగ్ చప్పుడు వినబడదు. ఇక్కడి గ్లాసులు కదలవు.

ఇప్పుడు నాకు మళ్లీ ఎనిమిదో నెల. ఈసారి నోటుబుక్కు పెట్టుకుని రోజుకు మూడుసార్లు కదలికలు లెక్కపెడుతున్నాను. అయినా మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి చేతిలో పని ఆగిపోతుంది. కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వింటాను.

ఈ రోజు అలాగే కూర్చుంటే పాప ఆటలోంచి లేచి వచ్చింది. నా చేతి పక్కనే తన చెయ్యి పెట్టి, అల్మారా వైపు చూస్తూ అడిగింది.

"అమ్మా, గ్లాసులు ఇప్పుడు కదుల్తయా?"

నేను పాపకు ఎప్పుడూ చెప్పలేదు. అత్తమ్మను, మా ఆయనను అడిగాను. వాళ్లూ చెప్పలేదన్నారు. పెద్దవాళ్ల మాటలు ఎక్కడో విని ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఇది రాసే ముందు లెక్కపెట్టాను. గంటలో పన్నెండుసార్లు కదిలింది. అంతా బాగానే ఉంది. కానీ రేపు రెండున్నరకు ఆ సైరన్ వినబడాలని కోరుకోవాలో, వినబడకూడదని కోరుకోవాలో నాకు తెలియడం లేదు. వినబడితే బిడ్డకు ఆపద. వినబడకపోతే, ఆపద లేదని అనుకోవాలా, ఈసారి చెప్పేవారు లేరని అనుకోవాలా?