ఆమెన్ అనని మా పెద్దత్త

పెద్దత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను హుమ్నాబాద్‌లో, ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాను. ఫోను చేసింది కాక, అంటే మా నాన్న తమ్ముడు. ఏడుస్తూనే చెప్పాడు. పెట్టేసే ముందు ఒక మాట కలిపాడు: "ఎంత మంచిదో అంత మొండిది బిడ్డా." నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆమెకు మా ఇంట్లో మొండిదనే పేరు ఎప్పుడు పడిందో నాకు తెలుసు. అది నా చదువు దగ్గర పడింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. కర్ణాటకలోని బీదర్‌లో నర్సుగా చేసి రిటైరైంది. మేముండేది అదే జిల్లాలోని చింతకిలో. మా క్రైస్తవ కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. పదో తరగతి ఫలితాలు రాగానే ఇంట్లో కృతజ్ఞతా కూటం పెడతారు. చుట్టాలొస్తారు, పాటలు పాడతారు, పిల్లను మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. పాస్టరయ్య తల మీద చేయి పెట్టి, పెద్దలు ముందే చెప్పి ఉంచిన చదువును ప్రార్థనలో పలుకుతాడు. అందరూ ఆమెన్ అంటే ఇక అంతే. ఆ తర్వాత కోర్సు మార్చుకోవడమంటే దేవుడికిచ్చిన మాట తప్పడం. ఇలా మా వాళ్ళలో ఎందరు నర్సులయ్యారో, ఎందరు టీచర్ ట్రైనింగుల్లో పడ్డారో! మోకాళ్ళ మీదున్న పిల్లను అడగాలని మాత్రం ఎవరికీ తోచేది కాదు.

నాకు మార్కులు బాగా వచ్చాయి. పీయూసీలో, అంటే ఇంటర్‌లో సైన్సు, ఆపైన డాక్టరు అని కాక తేల్చేశాడు. నాకేమో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేయాలని ఉంది. నోరు విప్పే ధైర్యం లేక వెళ్ళి మోకరించాను. "ప్రభువా, ఈ బిడ్డను డాక్టరుగా..." అని పాస్టరయ్య అందుకున్నాడో లేదో, "ఆగుండ్రి అయ్యగారూ" అన్న గొంతు వినబడింది.

అందరూ కళ్ళు తెరిచారు. పెద్దత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నెత్తి మీద కొంగు కూడా జారలేదు.

"పిల్లనడిగిన్రా?"

"అక్కా, ప్రార్థన నడుస్తుంది, జర ఊకో" అన్నాడు కాక.

"అందుకే అంటున్న. అడగని దానికి నేను ఆమెన్ అనను. మీరంటే మీ ఖుషి. నన్ను గూడ ఇట్లనే కూసోబెట్టి నర్సును చేసిన్రు. నేనేం ఖరాబ్ నర్సును కాను, ఎవర్నడిగినా చెప్తరు. కని ఒక్కనాడు గూడ ఖుషీగ డ్యూటీకి పోలే. నన్నడుగుతే లెక్కలంటుంటి. ఎవరడిగిన్రు?"

నాన్న తల వంచుకున్నాడు. పాస్టరయ్య మంచివాడు. నా తల మీది చేయి తీసి, "ఏం చదువుతవమ్మా?" అన్నాడు. నేను కాక వైపు చూశాను. పెద్దత్త దానికీ ఊరుకోలేదు. "ఇంతమందిల అడుగుతే ఏం చెప్తది? చీర కొన్నా మడత ఇప్పి చూస్తం. పిల్లను గూడ చూడనియ్యుండ్రి."

అన్నట్టుగానే చూపించింది. ముందు బీదర్‌లోని సైన్సు కాలేజీకి, ఆ తర్వాత పాలిటెక్నిక్‌కు తీసుకెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో కన్నడంలో పోట్లాడి మరీ నన్ను లోపలికి పంపింది. తను మాత్రం రాలేదు. "నా మొఖం చూసి చెప్తవేమో, నువ్వే పో" అని వరండాలో కూర్చుంది. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో అంతా మగపిల్లలే.

"భయమైతుందా?" అంది బయటికి రాగానే.

"ఐతుంది."

"పసందుందా?"

"ఉంది."

"ఐతే భయాన్ని గూడ ఎంట తెచ్చుకో, ఏం గాదు."

చేరాను. చుట్టాలందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. డాక్టరయ్యే పిల్ల చేతికి వైర్లిచ్చిందన్నారు. నడుమ ఒక సబ్జెక్టు తప్పాను. కాక పనిగట్టుకుని బీదర్ వచ్చి "చూసినవా అక్కా?" అన్నాడు. ఆమె రొట్టె కాలుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "తప్పింది దాని సబ్జెక్టే గద. మల్ల రాస్తది" అంది. రాశాను. డిప్లొమా అయ్యాక ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరాను. ఇదంతా ఆమె గెలిచిందని చెప్పడానికి కాదు. నేను అన్నీ తప్పి ఇంట్లో కూర్చున్నా ఆ రోజు ఆమె అడిగింది న్యాయమే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఆ తర్వాత ఏటా ఫలితాల వేళ ఆమెకు అదే పని. తెలిసిన ఇళ్ళకు వెళ్ళేది, పెద్దవాళ్ళను పలకరించకుండా నేరుగా వంటింట్లోకి పోయి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "నీకేం పసందు?" అనేది. ఒక పిల్ల డాక్టరే అవుతానంటే, వద్దన్న తండ్రితో అక్కడా కొట్లాడింది. కొన్ని ఇళ్ళలో చాయ్ ఇవ్వడం మానేశారు. "చాయ్ మా ఇంట్ల గూడ ఉంది" అని నవ్వేది. ఆ నవ్వంటే నాకెంత ఇష్టమో ఆమె ఉండగా ఒక్కసారీ చెప్పలేదు.

సమాధుల తోటలో ఆమె గురించి సాక్ష్యం చెప్పమంటే కాక లేచాడు. అక్క ఎంతమందికి సేవ చేసిందో చెప్పాడు, కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి, "ఒక్క మా పిల్ల చదువు కాడనే తప్పు చేసింది. దేవుడు క్షమించాలె" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "కాకా, క్షమించేటందుకు ఆడ తప్పేం లేదు. నన్ను మీరు అడగలే, పెద్దత్త అడిగింది. గదే ఫరక్." ఎవరో పాట అందుకున్నారు.

మన్ను వేసే వేళ కాక కూతురు వచ్చి నా పక్కన నిలబడింది. ఆ వారమే దానికి పదో తరగతి ఫలితాలొచ్చాయి. వచ్చే ఆదివారం కూటం, డాక్టరు చదువుకే ప్రార్థన అని కాక అప్పటికే పాస్టరయ్యకు చెప్పి ఉంచాడు. పిల్ల పెద్దత్త మీద గుప్పెడు మన్ను వేసి, చేతులైనా దులుపుకోకుండా తండ్రి వైపు తిరిగింది.

"నాకు కామర్స్ గావాలె నాయినా."

"ఏమన్నవ్?" అన్నాడు కాక.

పిల్ల మళ్ళీ చెప్పింది, ఈసారి అందరికీ వినబడేలా. కాక మన్ను వేయడానికి చాచిన చేయి అలాగే ఆగిపోయింది. పిడికిట్లోని ఎర్రమన్ను వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా ఆయన పాదాల మీదికి రాలుతూ ఉంది.