మామ కూత, నా సీటీ

నా చిన్నప్పుడు, పాలకుర్తి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో కబడ్డీ ఆట ఉందంటే అన్నం తినడం కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. వరి కోసిన మడిని చదును చేసి ముగ్గుపిండితో గీతలు గీసేవారు. ఊరు ఊరంతా గట్ల మీద కూర్చునేది. నేను మాత్రం కూర్చునేదాన్ని కాదు, ఎగురుతూనే ఉండేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆడేది మా మేనమామ మరి! నిక్కరు బిగించి, మట్టిని ముట్టుకుని నొసటికి అద్దుకుని, నడిమి గీత దాటి ‘కబడ్డీ కబడ్డీ’ అని కూత ఎత్తుకున్నాడంటే అవతలి జట్టుకు ఊపిరాడేది కాదు. అందరినీ ఉరికించి, ఒకరినో ఇద్దరినో ముట్టుకుని, అదే ఊపిరితో గీత దాటి వెనక్కి వచ్చేవాడు. ఆయన కూత తెగగా చూసినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో లేరు.

కూత తెగితే ఔట్. ఆ నియమం ఆటలో ఉంటే సరిపోయేది. మా మామకు అది బతుకులోకి కూడా వచ్చేసింది. కాలు బెణికినా చెప్పడు, జ్వరమొచ్చినా చెప్పడు. నొప్పి ఉందని నోరు విప్పడమంటే గీత అవతల కూత తెగడమే అనుకునేవాడు. ఆయన ఒక్కడే ఏమిటి, ఊళ్లో మగవాళ్లందరిదీ అదే తంతు. ఛాతీలో నొస్తే గ్యాస్, భుజం లాగితే గ్యాస్, చెమటలు పోస్తే ఎండ. అన్నింటికీ మందు గోలీ సోడా!

ఆ ఏడాది కోతలయ్యాక స్టేషన్ ఘన్‌పూర్ వైపు జట్టుతో ఆట కుదిరింది. గెలిచినవాళ్లకు పొట్టేలు. ఆటకు రెండు రోజుల ముందు వడ్ల బస్తాలు మోస్తున్న మామ ఉన్నట్టుండి గట్టు మీద చతికిలబడ్డాడు. చలికాలం పొద్దుట కణతల మీద చెమట మెరుస్తోంది. అరచేత్తో ఛాతీ రుద్దుకుంటూ నన్ను సోడా తెమ్మన్నాడు. తెచ్చాను.

“గ్యాస్ బిడ్డా, గంతే. ఎవ్వలకు చెప్పకు. మీ అమ్మమ్మకు ఎరుకైతే ఆటకు పోనియ్యది” అన్నాడు.

లంచంగా సగం సోడా నాకిచ్చాడు. నేను తాగాను. పెద్దవాళ్ల రహస్యం నా చేతిలో పడిందని ఆ రెండు రోజులూ మహా గొప్పగా తిరిగాను.

ఆట రోజు సంగతి ఇప్పుడు తలుచుకున్నా నా గొంతు పెద్దదవుతుంది. చివరి కూతకు వచ్చేసరికి రెండు జట్లూ సమానం. మామ వెళ్లాడు. ఇద్దరిని ముట్టుకున్నాడు! గట్లన్నీ లేచి నిలబడ్డాయి. వెనక్కి తిరిగాడు, గీత ఇంకొక్క అడుగే ఉంది. అక్కడ కూత తెగింది. మామ మోకాళ్ల మీద కూలిపోయాడు. అవతలివాళ్లు “ఔట్! ఔట్!” అని ఎగురుతున్నారు. మావాళ్లలో ఒకరు సోడా అంటున్నారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపించమంటున్నారు.

మా పక్కింట్లో ఉండే నర్సమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసేది, మాట కరకు, మనసు వెన్న. నాడి పట్టుకుని, ఇంతకుముందు ఎప్పుడైనా నొచ్చిందా అని అడిగింది. మామ తల అడ్డంగా ఊపాడు. గీత దగ్గర పడి ఉండి కూడా లేదనే అన్నాడు! నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

“మొన్న నొచ్చింది! సోడా తాగిండు! నన్ను చెప్పొద్దన్నడు!” అని అరిచాను.

నర్సమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, “జీపు తీస్కరాండ్రి, జల్ది!” అంది. బియ్యం మిల్లు షావుకారు జీపులో మామను వరంగల్ తీసుకెళ్లారు.

గుండెకు రక్తం వెళ్లే దారుల్లో ఒకటి మూసుకుపోయిందట. అమ్మమ్మకు అంతకుమించి అర్థం కాలేదు, నాకు అదీ కాలేదు. ఇరవై రోజుల తర్వాత మామ తిరిగి వచ్చాడు, చిక్కి సగమయ్యాడు. బీడీలు బంద్, బరువులు బంద్. అవతలి జట్టువాళ్లు గెలిచిన పొట్టేలును తోలుకొచ్చి మా ఇంటి ముందు కట్టేసి పోయారు. కొవ్వు తినకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి మామ రోజంతా మంచం మీద కూర్చుని దానిని చూసేవాడు, అది మామను చూసేది.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడట. రోజూ నడవాలి, కొంచెం కొంచెంగా దూరం పెంచాలి, నడుస్తూ తేలిగ్గా మాట్లాడగలగాలి, మాట తెగితే ఆగాలి. మామకు ఇదేం నచ్చుతుంది? నోరు బిగబట్టి మిల్లు దాకా విసవిస నడిచి, గోడ పట్టుకుని నిలబడి, ఏం కానట్టు తిరిగొచ్చేవాడు. అమ్మమ్మ తిట్టింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఈయన చెవిన పెడితేగా.

అప్పుడు నర్సమ్మ ఒక ఎత్తు వేసింది. ఆమె భర్త బడిలో ఆటల సారు. రెఫరీలు ఊదే ఈలను మా వైపు సీటీ అంటారు. ఆయన ఇత్తడి సీటీని తెచ్చి, మామ ముందే నా మెడలో వేసింది.

“ఇయ్యాల్టి సంది గీ పిల్ల రెఫరీ. నడుసుకుంట దీనికి కత చెప్పాలె. ఊపిరి కోసం కత ఆగిందా, ఇది సీటీ ఊదుతది. నువ్వు ఉన్నకాన్నే కూసోవాలె. గ్రౌండ్ల సీటీకి ఎన్నడన్న ఎదురు మాట్లాడినవా?”

మామ చాలా రోజుల తర్వాత నవ్వాడు. “ఎన్నడు లేదక్కా” అన్నాడు.

ఇక నా వైభోగం చూడాలి! మొదటి రోజు వీధి చివర మురుగుకాలువ, అదే మా మోరి దాకా వెళ్లేలోపు నాలుగుసార్లు ఊదాను. అందులో మూడు ఊరికే. మామ గుడ్లురిమి చూసి కూడా కూర్చున్నాడు. సీటీ మాటంటే మాటే. ఆయన చెప్పిన కథలన్నీ పాత ఆటలవే. ఏ ఊళ్లో ఎవరి కాలు పట్టుకుంటే ఎలా విదిలించుకున్నాడో చెబుతుంటే నేను వెనక్కి తిరిగి నడుస్తూ ఆయన నోటినే చూసేదాన్ని. వారం తిరిగేసరికి కథ మోరి దాటింది. మాతో పాటు పొట్టేలు కూడా బయల్దేరేది. ఇంటింటి ముందూ ఆడవాళ్లు నిలబడి, “ఇయ్యాల యాడిదాక పోయింది కత?” అని అడిగేవారు. మా గురి బస్సు ఆగే స్టేజీ. ఒక్క సీటీ లేకుండా స్టేజీ దాకా పోతే మామకు బాగయినట్టే అని నర్సమ్మ చెప్పింది.

ఒక పొద్దున బయల్దేరుతుంటే మామ, “రోజు నేనేనా? ఇయ్యాల నువ్వు చెప్పు కోడలా” అన్నాడు. నన్ను అడగడమే ఆలస్యం! బడిలోకి కోతులు దూరిన కథ ఎత్తుకున్నాను. మోరి దాటింది, కోతులు ఇంకా నల్లబల్ల మీదే ఉన్నాయి. మిల్లు వచ్చింది. మిల్లు వెనక మడిలో కుర్రాళ్లు కబడ్డీ ఆడుతున్నారు. మామను చూసి ఒకటే గోల. “అన్నా, ఒక్క కూత! ఒక్కటే!”

మామ అంగీ విప్పాడు. వంగి మట్టిని ముట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ ఎగిరాను. మా మామ మళ్లీ ఆడుతున్నాడు! అంతలో ఆయన మొహం నా వైపు తిరిగింది. కణతల మీద చెమట మెరుస్తోంది. సోడా తెచ్చిన నాటి చెమటే. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా మామ ఒక్క మాట మాట్లాడలేదని అప్పుడు తట్టింది. ఊ కొట్టడానికి తలే ఊపాడు. నాతో కథ చెప్పించింది అందుకే!

అంతమందిలో ఊదితే మామ పరువు పోతుంది. మళ్లీ నా మొహం చూడడేమో. ఊదకపోతే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసింది. కళ్లు మూసుకుని ఊదాను. నాలో ఊపిరి ఉన్నంత సేపూ ఊదాను.

కళ్లు తెరిచేసరికి మామ పాదం గీత మీద గాలిలో ఉంది. అంత కోపం ఆయన కళ్లలో నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ పాదం మెల్లగా వెనక్కి వచ్చి గీతకు ఇవతల ఆనింది. మామ ఉన్నచోటే మట్టిలో కూర్చున్నాడు.

“సీటీ అయింది. నేను ఔట్” అని కుర్రాళ్లతో చెప్పాడు. చాలాసేపు ఊపిరి తీసుకుని, నన్ను దగ్గరకు పిలిచి మెల్లగా అన్నాడు. “మోరి కాన్నే ఆయాసమొచ్చింది బిడ్డా. నీకు చెప్పలే.”

మామ నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు. అది విని నేను గట్టిగా ఏడ్చాను. భయంతోనో సంతోషంతోనో నాకే తెలియదు. ఆ మధ్యాహ్నమే నర్సమ్మ ఆయన్ని మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మందులు మార్చారు, మేము మళ్లీ మోరి నుంచి మొదలుపెట్టాం.

ఎండలు ముదరకముందే ఒక రోజు కథ స్టేజీ దాకా పోయింది. ఒక్క సీటీ లేదు! నేను రోడ్డు మీదే గంతులేశాను, బస్సు డ్రైవరు హారన్ కొట్టి తిట్టాడు. మామ నాకు గోలీ సోడా కొనిచ్చాడు. ఈసారి మొత్తం నాకే. ఆ తర్వాత ఆయన కూతకు వెళ్లలేదు. రెఫరీగా నిలబడి ఎన్నో ఏళ్లు ఆటలు ఆడించాడు. పొట్టేలు మా ఇంట్లోనే ముసలిదైంది.

ఆ ఇత్తడి సీటీ ఎక్కడ పోయిందో తెలియదు. పోయిన ఏడాది, జనగామలో మా కొడుకింట్లో, బట్టలు ఆరేస్తుంటే నా ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టయింది. ఇంత కథ తెలిసిన నేను ఏం చేశాననుకున్నారు? గ్యాసే అనుకుని జీలకర్ర డబ్బా కోసం వంటింట్లోకి నడిచాను! డబ్బా మూత తీస్తుంటే చేతి మీద చెమట చుక్క పడింది. గాలిలో ఆగిన మామ పాదం కళ్ల ముందు కదిలింది. డబ్బా కింద పెట్టి అక్కడే నేల మీద కూర్చున్నాను.

“కోడలా, నాకు ఛాతీల నొస్తున్నది. దవాఖానకు తీస్కపో” అని గట్టిగా కేకేశాను.

స్టెంటు వేశారు. ఇప్పుడు రోజూ పొద్దున నడుస్తున్నాను, దారి పొడుగునా ఎవరో ఒకరికి కథ చెబుతూ. వినేవాళ్లు దొరక్కపోతే నాకు నేనే చెప్పుకుంటాను. ఊపిరి అందక మాట తెగిందంటే అరుగు కనబడినా కనబడకపోయినా కూర్చుంటాను. ఇప్పుడు మెడలో సీటీ లేదు, ఊదే పిల్లా లేదు. నా సీటీ నేనే ఊదుకుంటున్నాను.