నడుమ ఏం తినొద్దు

పోయిన ఎండాకాలంల ఉప్పునుంతల దగ్గర ఒక బత్తాయి తోటల డ్రిప్పు వాల్వు చూద్దామని కింద గొంతుక్కూసున్న. వాల్వు బాగైంది గని నేను లేవరాలే. మోకాళ్లు పట్టేసినయ్. తోట రైతు ఒక రెక్క, మా డ్రైవర్ భాయ్ ఒక రెక్క పట్టి లేపిన్రు. రైతు మంచోడు, నవ్వలే. "మా బోరుమోటరు గుంజినప్పుడు గూడ గింత కష్టం కాలే సారూ" అన్నడు అంతే.

నేను డ్రిప్పు పైపుల కంపెనీల సర్వీసు పని చేస్త. సోమవారం పొద్దున పాలమూరుల ఇల్లు ఇడిస్తే మళ్ల శుక్రవారం సాయంత్రమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలు నాయే. పైపు పగిలినా, ఫిల్టరుల మన్ను పట్టినా ఫోన్ నాకే వస్తది. పన్నెండేండ్ల సంది లాడ్జిల పండుడు, హోటల్ల తినుడు, రైతుల ఇండ్లల్ల చాయ్ తాగుడు. ఆకలైతే తింటుంటి, ఆకలి కాకున్నా ఎవరన్న పెడితే తింటుంటి. అట్ల తొంభై ఎనిమిది కిలోలకు వచ్చిన.

ఆ వారమే దవాఖానకు పోయిన. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "సుగర్ గడప దాక వచ్చి నిలబడ్డది. లోపలికి రానిస్తరా, ఎల్లగొడ్తరా మీ ఇష్టం" అన్నది. ఒక కాగితం మీద రాసిచ్చింది. పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు. మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, కూర. రాత్రి ఏడు లోపల ఒక రొట్టె, పెరుగు. చాయ్‌ల చక్కెర బంద్. నలభై నిమిషాలు నడక. కింద గీత గీసి పెద్దగ రాసింది: నడుమ ఏం తినొద్దు.

ఇంట్ల ఉంటే గిది కష్టం కాదు. మా ఆమె వండి ముందర పెడితే తిని లేస్త. రోడ్ల మీద బతికెటోనికే కష్టం. గద్వాలల పొద్దున లాడ్జి మెట్లు దిగంగనే బొరుగుల ఉగ్గాణి తాలింపు వాసన కొడతది. పక్కన బాండ్ల మిర్చి బజ్జీలు తేలుతుంటయ్. మొదటి వారం నేను ముక్కు మూసుకున్నంత పని చేసి జీపుల కూసున్న.

డ్రైవర్ భాయ్ నా దిక్కు చూసి, "ఏంది సార్, పానం బాగలేదా?" అన్నడు.

ఆయన నాకంటే ఆరేండ్లు పెద్ద. ఎనిమిదేండ్ల సంది నా జీపు ఆయనే నడుపుతుండు. కంపెనీ కిరాయికి పెట్టుకున్న బండి. మనిషి సన్నగ చువ్వలెక్క ఉంటడు గని తిండి మీద మస్తు ప్రేమ. ఏ ఊర్ల ఏ హోటల్ల ఏ పూట ఏది మంచిగుంటదో ఆయనకు నోటికొచ్చు. కాగితం తీసి సదివి వినిపించిన. ఆయన చివరి దాక విని, "మరి చాయ్‌ల బిస్కెట్?" అన్నడు.

"అది గూడ బంద్ భాయ్."

"యా అల్లా" అని బండి స్టార్ట్ చేసిండు.

హోటళ్లను తప్పించుకోవచ్చు గని రైతుల ఇండ్లు తప్పించుకునుడు అయ్యేది కాదు. రాజోలి దగ్గర ఒక రైతు వాళ్లమ్మ ఉన్నది. నేను ఎప్పుడు పోయినా "ఊట అయిందా బిడ్డా?" అంటది, అన్నం తిన్నవా అని. కన్నడ దిక్కు నుంచి వచ్చిన కోడలంట ఒకప్పుడు, ఆ మాట ఇంకా పోలే. అయిందన్నా ఇనదు. ఆ రోజు గిన్నెల పాయసం పోసి తెచ్చింది. వద్దంటే చేయి ఎనుకకు తీసుకోలే. ముఖం చిన్నగైంది.

"అమ్మా, మోకాళ్లు పోతున్నయ్. బరువు తగ్గాలెనని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు పెడితే నేను కాదనలేను, అందుకే నిన్నే అడుగుతున్న. పెట్టకు" అన్న.

ఆమె నన్ను కింద నుంచి మీది దాక చూసింది. "నిజమే బిడ్డా, తగ్గాలె" అని పాయసం లోపలికి తీసుకపోయి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సిగ్గైంది గని ఆ రోజు నుంచి నాకు ధైర్యం వచ్చింది. దాచుడు ఎందుకు, అందరికి గట్లనే చెప్పవట్టిన. ఎవరూ తప్పు పట్టలే. కొందరైతే, పోయినప్పుడల్ల "ఎంత తగ్గినవ్ సారూ?" అని అడుగుతుండిరి.

రెండు నెలల్ల ఐదు కిలోలు తగ్గిన. బెల్టు ఒక రంధ్రం లోపలికి పోయింది. నాకు నా మీద మస్తు గర్వం. భాయ్ గూడ ఇప్పుడు హోటల్ కాడ బండి ఆపుడు మానేసిండు. "చాయ్ తాగుదమా" అని అడుగుత లేడు. నా కోసం మంచిగ సహకరిస్తుండు అనుకున్న. అంతకు మించి ఆలోచన చెయ్యలే.

వానలు పడ్డంక ఒక రోజు లింగాల దిక్కు పోయినం. పత్తి చేనుల పైపులు ఎలుకలు కొరికినయ్. పని అయిపోయింది. ఆ ఇంటామె చాయ్ పెడతనంటే, "వద్దమ్మా, నేను నడుమ ఏం తీసుకోను" అని బయలెల్లిన. పదకొండు దాటింది. అర కిలోమీటర్ గూడ పోలే, బండి మెల్లగ రోడ్డు అంచుకు జరగవట్టింది. "భాయ్" అన్న. పలకలే. గట్టిగ పిలిస్తే బ్రేకు తొక్కి ఆపిండు. చూస్తే అంగి మొత్తం చెమటతోటి తడిసింది. చేతులు వణుకుతున్నయ్. మాట ముద్దముద్దగ వస్తుంది.

"సార్... సుగర్... మీఠా ఏమన్న..."

నా సంచి గుమ్మరించిన. రెండు దోసకాయలు, ఉడకబెట్టిన గుడ్డు, నీళ్ల సీసా. చక్కెర పలుకు లేదు. నా సంచిల తీపి వస్తువు లేకుండ రెండు నెలల సంది ఎంత పట్టుదలతోటి చూసుకున్ననో!

బండి తాళంచెవి తీసుకోని ఉరికిన. అవును, ఉరికిన. తొంభై మూడు కిలోల మనిషిని, ఆ పత్తి చేనింటి దాక. నన్ను చూసి ఆ ఇంటామె బయటికొచ్చింది. "బెల్లం, చక్కెర, ఏదన్న... డ్రైవర్‌కు సుగర్ పడిపోయింది" అన్న. ఆమె ఇంక ఏం అడగలే. బెల్లం గడ్డ, చెంబుల నీళ్లు పట్టుకోని నాకంటే ముందు ఉరికింది. నేను పోయేటాళ్లకు భాయ్ నోట్ల బెల్లం ముక్క ఉన్నది. ఆమె రోడ్డు మీదనే కూసోని చెంబుల మిగిలిన బెల్లం కలిపి తాపిస్తుంది.

పది పదిహేను నిమిషాలకు ఆయన కండ్లు తేటగైనయ్. ఆమె ఇంటికి తోలుకపోయి రొట్టె పెట్టింది. తినుకుంట, నా దిక్కు చూడకుండ చెప్పిండు. సుగర్ వచ్చి మూడేండ్లైందంట. తెలిస్తే డ్రైవర్ పని తీసేస్తరని ఎవరికి చెప్పలే. పొద్దున గోలీ ఏసుకుంటడు, నడుమ హోటల్ల ఏదో ఒకటి తింటడు కాబట్టి ఇన్నొద్దులు నడిచింది.

"మరి ఇప్పుడెందుకు తింటలేవు భాయ్?"

"మీరు ఆకలిగుంటే నేను మీ ముందర ఎట్ల తినాలె సార్? రంజాన్ల నేను రోజా ఉన్నప్పుడు, మీరు బండ్ల నీళ్లు గూడ తాగలే. దిగి, చెట్టు సాటుకు పోయి తాగొస్తుంటిరి. నాకు తెల్వదనుకున్నరా?"

ఆ సంగతి నేనెప్పుడో మరిచిపోయిన. ఆయన మరవలే. నేను మాత్రం రెండు నెలలు పక్క సీట్ల కూసోని నా కిలోలు నేను లెక్కపెట్టుకున్న.

అచ్చంపేట దాక బండి నేనే నడిపిన. అక్కడి దవాఖానల డాక్టరు ఇద్దరికి కలిపి అక్షింతలు ఏసిండు. "ఈయన తిండి టైము తప్పొద్దు. గోలీ డోసు మారుస్త. మీ బరువు కోసం ఈయనను మాడ్చకండి సారూ" అన్నడు. నేను తలకాయ ఊపిన. శనివారం ఇద్దరం బండి ఓనర్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినం. భాయ్ చేతులు కట్టుకోని నిలబడ్డడు. ఓనర్ "దాస్తే కోపమొస్తది గని, సుగర్ ఎవనికి లేదు? బండి నడపొచ్చని డాక్టరు చీటీ తెండ్రి, నువ్వు రెండు వారాలు ఇంట్ల ఉండి పానం సుదురాయించుకో" అన్నడు. ఆ రెండు వారాలు నేను బస్సులల్ల తిరిగిన.

భాయ్ తిరిగొచ్చినంక మా డాక్టరమ్మ కాగితం మార్చి రాసింది. ఇప్పుడు పదకొండు కొట్టంగనే బండి ఏడున్నా ఆగుతది. ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె తింటడు. నేను గుప్పెడు ఉడికిన శెనగలు తింట. జీపుల గ్లూకోజ్ పాకెట్ ఒకటి ఎప్పుడూ ఉంటది. వనపర్తిల ఆగిన రోజు పొద్దున ఆరుకు ఆయనే నా తలుపు కొడతడు. ఇద్దరం పాత రాజమహల్ దిక్కు నడుస్తం. ఆయన చువ్వ మనిషి కాబట్టి ముందు పోతడు, మలుపు కాడ నిలబడి నా కోసం చూస్తడు. అప్పుడప్పుడు గద్వాలల ఉగ్గాణి గూడ తింటం, ఒకే పొట్లం, ఇద్దరికి సగం సగం. డాక్టరమ్మకు చెప్పినం, తిట్టలే.

ఎనభై రెండుకు రావాలెనన్నది ఆమె. నేను ఎనభై ఏడు కాడ ఉన్న. నిదానంగ దిగుతున్న. ఉప్పునుంతల తోటల మొన్న కింద కూసోని నాకు నేనే లేచిన.

పోయిన వారం నాగర్‌కర్నూల్‌ల ఒక దర్జీ దగ్గర పాంట్లు లూజైనయని ఇచ్చిన. తిప్పి తిప్పి చూసి, "ఇంక గుంజితే ఎనుక రెండు జేబులు ఒక్కటైతయ్ సారూ, కొత్తయి కుట్టించుకోండ్రి" అన్నడు. టేపు పట్టి నడుము కొలిచిండు. బల్ల మీద కూసున్న భాయ్ అక్కడి నుంచే అందుకున్నడు.

"జర రెండు వేళ్లంత ఎక్కువ పెట్టు మాస్టర్, లగ్గాల సీజన్ వస్తుంది."

"పెట్టకు" అన్న నేను. దర్జీ ఇద్దరి ముఖాలు చూసి, నవ్వుకుంట, నేను చెప్పిన కొలతే రాసుకున్నడు.