పుర్రె బదులు కాసులపేరు

బందరులో మాకో రాక్ బ్యాండ్ ఉందని చెబితే, పెళ్లి ఊరేగింపులకు వాయిస్తారా అని అడుగుతారు. మేం నలుగురం. పాడేది నేను. మొదటి పాట రికార్డయ్యాక వీడియో తీద్దామనుకున్నాం. మెడలో ఇనప గొలుసు, దానికో పుర్రె బిళ్ల లేకపోతే మమ్మల్ని ఎవరూ నమ్మరని మా డ్రమ్మర్ తేల్చేశాడు.

మా నాన్న చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేస్తారు. వెళ్లి అడిగాను.

"పుర్రా? ఇంట్లో దేవుడున్నాడ్రా. నేను చేసిచ్చింది వేసుకో, లేదంటే ఉత్త మెడతో పాడుకో."

చేసిచ్చింది కాసులపేరు. కాసు కాసుకూ లక్ష్మీదేవి. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వేసుకున్నాను. అంతకుముందు ఎప్పుడు పాట వినిపించబోయినా "తర్వాత వింటాలే" అని సుత్తి అందుకునేవారు. తన నగ కోసమైనా ఒక్కసారి వింటారని నా ఆశ.

కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద షూటింగ్. నల్ల చొక్కా, చిరిగిన జీన్స్, పైన కాసులపేరు. నేను గెంతినప్పుడల్లా లక్ష్మీదేవులంతా వచ్చి నా గడ్డానికి కొట్టుకునేవారు. చెరువు ఆసామి కాసేపు ఓపిక పట్టి, "బాబుగారూ, కాస్త నెమ్మదిగా అరవండి. రొయ్యలు మేత ముట్టట్లేదు" అన్నాడు. మా పాట మీద వచ్చిన మొదటి సమీక్ష అదే.

రెండోది యూట్యూబ్‌లో వచ్చింది. "కాసులపేరు చాలా బాగుంది. ఎక్కడ కొన్నారండీ?" దాని కిందవి కూడా అలాంటివే. పాట గురించి ఒక్కరంటే ఒక్కరూ మాట్లాడలేదు. నాన్నయితే కొట్లో ఫోను గోడకు ఆనించి, వచ్చిన వాళ్లందరికీ ఆ వీడియో చూపించేవారు. సౌండ్ మాత్రం పూర్తిగా తీసేసేవారు.

"మావాడేనండీ. నగ చూడండి, ఎంత గెంతినా ఒక్క కాసు ఊడలేదు."

చడీచప్పుడు లేకుండా నోరు తెరిచి గెంతుతున్న నన్ను చూస్తే నాకే జాలేసేది. ఈయన నా పాట ఇక వినరని ఆశ వదిలేసుకున్నాను.

మొన్న అన్నం తింటుండగా నాన్న ఉన్నట్టుండి, "ఈసారి కొక్కెం మారుస్తాను. రెండో చరణం ఎత్తుకునే చోట నగ తిరగబడిపోయిందిరా" అన్నారు.

పప్పు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. వీడియో మొత్తం నేను ఒకేలా గెంతుతాను. వినకుండా చూసేవాళ్లకి రెండో చరణం ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?

"విన్నారా నాన్నా?"

"బేరాల్లేనప్పుడు పెట్టుకుంటాలే."

పాట విడుదలైన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. నాన్న పెరుగు గిన్నె నా వైపు జరిపారు.

"ఆ చరణంలో మరీ అంత అరవకు. గొంతు పోతుంది."