ఫేస్‌ప్యాకులో కార్బైడు

ఒక్క మాట తప్పు అచ్చేసి కుప్పంలో స్టాళ్ళన్నిటినీ ఖాళీ చేయించిన ఘనత నాది. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నేను తప్ప అందరూ నవ్వినారు.

పుంగనూరులో మా రెడ్డెమ్మత్త శనగపిండి, కస్తూరి పసుపు, సుద్దపొడి కలిపి ఫేస్‌ప్యాకు చేసేది. మదనపల్లె డీటీపీ సెంటరులో పనిచేసే నేను లేబుల్ బాధ్యత నెత్తికెత్తుకున్నాను.

"సుద్దపొడి అంటే ఎవురు కొంటారత్తా? ఇంగ్లీషు పేరుండాల!"

ఇంటర్నెట్టులో వెతికితే ఎవరో తప్పులతడకగా రాసిన సౌందర్య సాధనాల పదార్థాల జాబితాలో 'కాల్షియం కార్బైడ్' కనబడింది. కాల్షియమంటే సుద్దే కదా! దాని కిందే ఉన్న సుద్ద అసలు పేరు, కాల్షియం కార్బొనేట్ దాకా చదివే ఓపిక నాకెక్కడిది? అచ్చేసి పొట్లాలన్నిటికీ అంటించేసినాను.

కుప్పంలో మహిళా సంఘాల స్టాళ్ళు పెట్టిన రోజు, అత్త ఒక పొట్లం గిన్నెలోకి వంపి నీళ్ళ చెంబెత్తింది. భార్య కోసం పొట్లం కొంటున్న వెల్డింగ్ షాపు మునెప్ప లేబుల్ చదివి, నిప్పు తొక్కినట్టు ఎగిరినాడు.

"నీళ్ళు పోయొద్దమ్మా! ఇది కార్బైడు! తడి తగిల్తే మండే గ్యాసు పుడతాది, మొగం కాలిపోతాది!"

"ఏందప్పా నువ్వనేది? నేను కలిపింది సుద్ద!"

"మరి లేబుల్ మింద ఏముండాదో సూడు!"

పక్క స్టాలు పచ్చళ్ళామె జాడీని బిడ్డ మాదిరి చంకనేసుకుని పరిగెత్తింది. ఆమె వెనకే తక్కిన స్టాళ్ళన్నీ ఖాళీ. ఎవరో బకెట్టుతో నీళ్ళు తెస్తే, "నీళ్ళొద్దంటే మళ్ళీ నీళ్ళేనా? ఇసక తే!" అని మునెప్ప అరిచినాడు.

అత్త నా వైపు తిరిగింది. "ఇది రాసిందెవురు?"

"నేనే అత్తా... జాబితాలో ఉండాదని..."

"జాబితాలో బాయిలో దూకమనుంటే దూకుతావా? కూచో. రాసినమ్మకు రాసుకున్నంత!"

మునెప్ప చిటికెడు పొడి దూరంగా పెట్టి, రెండు చుక్కలు చల్లి, బుసా లేదు, కంపూ లేదని తేల్చినాకే అత్త నా మొగానికి గోడకు సున్నం మెత్తినట్టు మెత్తింది. పావుగంటసేపు, పరీక్షలో చిట్టీతో దొరికిన పిల్ల మాదిరి కూర్చున్నాను. చుట్టూ తిరిగొచ్చిన జనం, మునెప్ప చేతిలో ఇసక బకెట్టు.

మొగం కడుక్కోగానే ఒక అవ్వ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పేలనూ లేదు, మెరవనూ లేదు. దీనికింత గోలేందమ్మా!"

అందరూ పడీపడీ నవ్వినారు. లేబుళ్ళన్నీ పీకి, పొట్లం పొట్లానికీ నా చేత్తోనే 'సుద్దపొడి' అని రాసినాను. అప్పుడే గట్టిగా ఒట్టేసుకున్నాను: తెలియని పేరు ఇక జన్మలో అచ్చెయ్యను. ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అనే ఉంటుంది. అదీ నాలుక్కి తగిలించి చూసినాకే రాసినాను.